క్యాన్సిల్ కొట్టినా పాత డేటా ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ యాప్‌ల స్క్రీన్లు కట్టే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్) ఎడిట్ విండో చేశాను, తెరిచే ముందు అబ్జర్వబుల్ కలెక్షన్‌ని (మార్పుల్ని స్క్రీన్‌కి తెలియజేసే లిస్టు) కొత్త కలెక్షన్‌లోకి కాపీ చేసుకుంటున్నా, అయినా విండోలో పేరు మారిస్తే వెనకాల మెయిన్ గ్రిడ్‌లో కూడా మారిపోతోంది, క్యాన్సిల్ నొక్కినా లాభం లేదు. ఎందుకండీ?

జవాబు: మీరు కాపీ చేసింది లిస్టుని మాత్రమేనండీ, లోపలి ఆబ్జెక్టులు అవే. రెండు కలెక్షన్లూ ఒకే ఆబ్జెక్టుల్ని చూపిస్తుంటాయి, పైగా బైండింగ్ (స్క్రీన్‌కీ డేటాకీ లింకు) ఉంది కాబట్టి ఇక్కడ టైప్ చేసింది అక్కడ కనిపించేస్తుంది. ప్రతి ఐటమ్‌నీ విడిగా క్లోన్ చేయాలి, అంటే దానికి వేరే కాపీ ఆబ్జెక్టు తయారుచేయాలి. నా ఓటు మాత్రం క్లాసులో కాపీ కన్‌స్ట్రక్టర్ (పాత ఆబ్జెక్టుని తీసుకుని దాని విలువలతో కొత్తది కట్టేది) రాసుకోవడానికే, లోపల ఇంకో లిస్టు ఉంటే దాని ఐటమ్స్‌కీ అదే పని చేయాలి.

డాట్‌నెట్‌లో ఉన్న మెంబర్‌వైజ్‌క్లోన్ మెథడ్‌తో ఒక్క లైనులో అయిపోతుంది కదా అనుకుంటారు, కానీ అది పైపై కాపీనే, పైగా ప్రాపర్టీ ఛేంజ్డ్ ఈవెంట్‌కి (విలువ మారిందని చెప్పేది) తగిలించిన హ్యాండ్లర్లని కూడా మోసుకొస్తుంది, అప్పుడు వచ్చే బగ్గులు పట్టుకోవడం నరకం. జేసన్ టెక్స్ట్‌లోకి మార్చి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ ప్రైవేట్ ఫీల్డులు పోతాయి, పేరెంట్, చైల్డ్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే మామూలు సెట్టింగుల్లో ఎర్రర్ కొడుతుంది. ఆబ్జెక్టుల్ని బైట్లుగా మార్చే బైనరీ ఫార్మాటర్ జోలికి అసలు వెళ్ళకండి, డాట్‌నెట్ 9లో తీసేశారు.

ఇంకోటి, సెలెక్టెడ్ ఐటమ్ (గ్రిడ్‌లో ఎంచుకున్న వరుస) పాత ఆబ్జెక్టునే పట్టుకుని ఉంటుంది, కొత్త లిస్టులో ఐడీతో వెతికి మళ్ళీ సెట్ చేయండి. ఒక్క వరుసే ఎడిట్ చేసేదైతే ఇదంతా ఎందుకు, ఐఎడిటబుల్ ఆబ్జెక్ట్ (ఎడిట్‌ని మొదలుపెట్టే, ముగించే, రద్దు చేసే మెథడ్లుండే ఇంటర్‌ఫేస్) పెట్టుకోండి, గ్రిడ్‌లో ఎస్కేప్‌తో వరుస ఎడిట్ రద్దు చేస్తే (మొదటి ఎస్కేప్ సెల్‌ని, రెండోది వరుసని) క్యాన్సిల్ ఎడిట్‌ని గ్రిడ్డే పిలుస్తుంది.