ఇంట్లో కట్టిన విమానానికి కొత్త రడ్డర్ పెడళ్లు

ప్రశ్న: నేను అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాను. వాన్స్ సంస్థ కిట్‌తో ఒకాయన స్వయంగా నిర్మించుకున్న ఆర్‌వీ-6 విమానాన్ని ఆయన దగ్గరే కొన్నాను. రడ్డర్‌ను (తోక మీది నిలువు చుక్కానిని) తిప్పే ఎడమ పెడల్‌కు వెల్డింగ్ అంచున పగులు కనిపించడంతో కొత్త జత తెప్పించాను. పాతవి విప్పి ఇవి బిగిస్తే సరిపోతుందా? ఈ పని నేనే చేసుకోవచ్చునా?

జవాబు: మీరే చేసుకోవచ్చు. అయితే పని పూర్తయ్యేదాకా ఆ విమానంలో దయచేసి ఒక్కసారి కూడా ఎగరకండి. నిర్వహణకు సంబంధించి అమెరికా విమానయాన నియమావళిలోని 43వ భాగం నిబంధనలు ప్రయోగాత్మక సర్టిఫికెట్ కింద ఎగిరే మీ విమానం వంటివాటికి వర్తించవు గనుక మరమ్మతు ఎవరైనా చేయవచ్చు. కాని ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌పై (విమానం ఎగరడానికి సురక్షితమో కాదో చూసే తనిఖీపై) సాధారణంగా సంతకం చేసేది, దాన్ని నిర్మించి రిపేర్‌మన్ సర్టిఫికెట్ పొందిన వ్యక్తి, లేదా ఎ అండ్ పి మెకానిక్ (విమాన శరీరం, ఇంజన్ రెండింటికీ లైసెన్సు ఉన్న మెకానిక్). విమానం చేతులు మారినా నిర్మించినవారి ఆ సర్టిఫికెట్ మీకు రాదు. అందుచేత సీట్లు తిరిగి పెట్టకముందే పనిని ఒక మెకానిక్‌కు చూపించండి. కొత్త పెడళ్లు వేరే నమూనావైతే, అది పెద్ద మార్పుగా లెక్కకు వస్తుందేమో ఆపరేటింగ్ లిమిటేషన్స్ (మీ విమానానికి పెట్టిన షరతుల పత్రం) చదివి ముందే తేల్చుకోవాలి.

విప్పి బిగిస్తే సరిపోదు. పెడల్‌ను ముందుకు నెడితే కేబుల్ రడ్డర్‌ను లాగుతుంది, పైభాగాన్ని మునివేళ్లతో నొక్కితే బ్రేకు పడుతుంది. కాబట్టి పెడల్ వాలు కొంచెం మారినా ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అన్నిటినీ తాత్కాలికంగా అమర్చి, మీరు ఎగిరేటప్పుడు వేసుకునే బూట్లతోనే కూర్చుని, ఒక్కొక్క పెడల్‌ను చివరిదాకా నెట్టి చూడండి. తోక దగ్గరున్న స్టాపుకు (రడ్డర్ అంతకు మించి తిరగకుండా ఆపే అడ్డుకు) రడ్డర్ ముందుగా తగలాలి. అంతకుముందే పెడల్ గాని, బూటు గాని ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడకు) తగిలితే క్రాస్‌విండ్‌లో (పక్కగాలిలో) దిగేటప్పుడు మీకు అవసరమైన రడ్డర్ దొరకదు. పూర్తిగా నెట్టిన స్థితిలో బ్రేకు దానంతట అదే పడకూడదు, అవసరమైనప్పుడు మునివేళ్లకు అందకుండానూ పోకూడదు. ఈ పరీక్షకు ఒక పూటంతా పట్టినా విసుగు చెందకండి. అసలు పని ఇదే.

తిరిగే కీళ్ల దగ్గర బోల్టుకు క్యాజిల్ నట్టు (పైన గాడులున్న నట్టు), అది ఊడకుండా ఆ గాడిలో దూర్చే కొత్త స్ప్లిట్ పిన్ వాడాలి. ఫైబర్ లాక్ నట్టు అక్కడ పనికిరాదు. బిగించాక కీలు స్వేచ్ఛగా కదలాలి. విప్పే ముందే కేబుళ్లకు ఎడమ, కుడి అని చీటీలు కట్టండి. చివరలో తోక దగ్గర ఒకరిని నిలబెట్టి, ఎడమ పెడల్ నెట్టినప్పుడు రడ్డర్ వెనుక అంచు ఎడమకే పోతున్నదని నిర్ధారించుకోండి.

బ్రేకు గొట్టాలు విప్పితే వాటిలో గాలి చేరుతుంది. చక్రం దగ్గరి కాలిపర్ (బ్రేక్ డిస్కును పట్టుకునే భాగం) నుంచి పైకి నూనె ఎక్కించి ఆ గాలిని బయటకు పంపాలి. ఈ బ్రేకులకు మామూలుగా వాడేది మిల్-హెచ్-5606 రకం ఎర్ర హైడ్రాలిక్ నూనె. అటువంటి వ్యవస్థలో కారు బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు పాడవుతాయి. పాదం తీసిన వెంటనే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే నూనెను బ్రేకుకు నెట్టేది) పూర్తిగా వెనక్కి రావాలి, లేకపోతే బ్రేకు పట్టేసే ఉంటుంది. పని వివరాలు లాగ్‌బుక్‌లో రాసి, మొదట నెమ్మదిగా టాక్సీ చేసి (నేలమీదే నడిపి) ఆపి, రెండు బ్రేక్ డిస్కుల వేడినీ తాకకుండా దగ్గరగా చెయ్యి పెట్టి పోల్చండి. ఒకటే బాగా వేడెక్కి ఉంటే ఆ వైపు సిలిండర్ అమరికను మళ్లీ సరిచేశాకే ఎగరండి.