నాన్న చివరి రోజుల్లో రాని తమ్ముణ్ణి ఎలా క్షమించను?

ప్రశ్న: నాన్న చనిపోయి ఏడాది కావస్తోంది. చివరి ఐదు నెలలు మంచం మీదే ఉన్నారు. ఒళ్లు తుడవడం, మందులు వేయడం, రాత్రిళ్లు మేలుకుని ఉండటం అన్నీ నేనే చూసుకున్నాను. తమ్ముడు ఫోన్ చేసేవాడు గానీ ఒక్కసారి కూడా రాలేదు. సమాధి దగ్గర మాత్రం అందరికంటే ఎక్కువగా ఏడ్చాడు. అప్పటినుంచీ వాడితో మాట్లాడటం లేదు. మొన్న ఈస్టర్ ఆరాధనలో వాడు ముందు వరసలో నిలబడి పాడుతుంటే నాకు గొంతు పెగల్లేదు. ఇంత కోపం పెట్టుకున్నదాన్ని, పునరుత్థానాన్ని నిజంగా నమ్ముతున్నానా? నాన్న బైబిలు తెరవడానికి కూడా చేతులు రావడం లేదు. దారంతో కట్టుకున్న ఆయన కళ్లద్దాలు కీర్తనల దగ్గర అలాగే ఉన్నాయి.

జవాబు: అమ్మా, గొంతు పెగలనంత మాత్రాన విశ్వాసం పోయినట్టు కాదు. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. ముందు మీరు కూడా తనివితీరా ఏడవండి. సేవ చేసే హడావిడిలో మీకు ఏడవడానికి తీరిక దొరికి ఉండదు.

మీ ఉత్తరంలో తమ్ముడి మీద కోపం కన్నా లోతైనది ఇంకొకటి కనిపించింది. ఆ ఐదు నెలల మీ కష్టం ఎవరి కంటా పడకుండా నాన్నతోపాటే మట్టిలో కలిసిపోయిందన్న బాధ అది. వాడొచ్చి 'అక్కా, అంతా నువ్వే చేశావు' అని ఒక్క మాట అంటే బాగుండునని ఎదురు చూస్తున్నారు. బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం చూడండి. 58 వచనాల ఆ అధ్యాయమంతా పునరుత్థానం గురించే. పౌలు దాన్ని ఎక్కడికి తెచ్చి ఆపాడో గమనించారా? 'మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదు' అన్న మాట దగ్గర. నాన్నను మళ్లీ లేపే దేవుడు, అర్ధరాత్రి మీరు తడిపి పిండిన గుడ్డను మరిచిపోతాడా? మీ కష్టానికి తమ్ముడి సాక్ష్యం అక్కర్లేదు. ఈ సంగతి మనసుకు ఎక్కితే వాడితో మాట్లాడటం కొంచెం తేలికవుతుంది.

ఇక తమ్ముడి విషయం. యేసు చివరి ఘడియలో పక్కన లేనివాళ్లలో ఆయన శిష్యుడు పేతురు కూడా ఉన్నాడు. అయినా ఖాళీ సమాధి దగ్గర స్త్రీలకు అందిన కబురులో, మార్కు రాసిన ప్రకారం, 'ఆయన శిష్యులతోను పేతురుతోను' చెప్పమని ఉంది. పేరు పెట్టి మరీ పిలిపించారు. ప్రధానయాజకుడి ఇంట్లో చలిమంట దగ్గర యేసును నేనెరుగనన్న పేతురుకి, తర్వాత సముద్రం ఒడ్డున మళ్లీ నిప్పులే ఎదురయ్యాయి. యేసు ముందు భోజనానికి పిలిచాడు. తిన్న తర్వాతే 'నన్ను ప్రేమిస్తున్నావా' అని మూడుసార్లు అడిగాడు. జరిగింది జరగనట్టు దాటేయలేదు. లేచిన దేహం మీద మేకుల గుర్తులు కూడా అలాగే ఉన్నాయి. అందుకే 'అన్నీ మర్చిపో' అనే సలహా నేనివ్వను. అది మీవల్ల కాదు, మిమ్మల్ని అడగడం న్యాయమూ కాదు.

ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ విషయంలో రాని కొడుకుని నేనే. ఒకరోజు ఆసుపత్రి గది గుమ్మం దాకా వెళ్లి, మంచం మీద ఆమె చెయ్యి ఎంత సన్నబడిందో చూసి వెనక్కి తిరిగాను. అది ప్రేమ లేక కాదు, పిరికితనం. తప్పే. మీ తమ్ముడి కారణం ఏమిటో నాకు తెలియదు, మీకూ తెలియదు. వాణ్ణే అడగండి.

చర్చి ఆవరణలో నలుగురి ముందు వద్దు, ప్రార్థన కూడికలో సాక్ష్యంగా అసలే వద్దు. 'ఒకసారి ఇంటికి రా, కలిసి తిందాం' అని మెసేజ్ పెట్టండి. తిన్నాక చెప్పండి: 'నువ్వు రాకపోతే నాకు చాలా కష్టమైంది. ఎందుకు రాలేదు?' అడిగాక వాడు చెప్పేదాకా ఆగండి, మధ్యలో అందుకోకండి. వాడు దులిపేసుకుని పోతే ఆ పూటకు వదిలేయండి. మీ కోపం ఒక్కరోజులో పోకపోయినా టెన్షన్ పడకండి, పేతురుకి కూడా మూడుసార్లు పట్టింది.

నాన్న బైబిలు ఒంటరిగా తెరవలేకపోతే ఆరోజు బల్ల మీద పెట్టి ఉంచండి. కళ్లద్దాలు తీయకండి. ఆయన ఆగిన కీర్తన ఏదో తమ్ముణ్ణే చదవమనండి.