వేటకు అలవాటైన గుర్రాన్ని అమ్మేటప్పుడు

నాలుగు సీజన్లు నక్కల వేటకు (వేటకుక్కల వెనకాల గుర్రాల మీద వెళ్ళే వేట) వెళ్ళిన గుర్రాన్ని అమ్మాలి, ప్రకటనలో ఏం రాయాలి, కొనేముందు వాడి చూసుకోడానికి ట్రయల్‌కి ఇవ్వొచ్చా అని ఒకరు అడిగారు. నా అనుభవం చెప్తాను. మేం ఉండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం, లౌడన్ కౌంటీ. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూంటే తన థరోబ్రెడ్‌ని (పందెపు గుర్రాల జాతి) అమ్మాల్సి వచ్చింది.

మొదట నేను మంచి మంచి ఫొటోలు పెట్టి "మూడడుగులు అవలీలగా దూకుతుంది" అని రాశాను. పోటీలకు గుర్రం కావాలన్నవాళ్ళే ఫోన్లు చేశారు. వేటకు వెళ్ళేవాళ్ళు అడిగేవి వేరు. కుక్కలు వాసన పోగొట్టుకుని వెతుక్కుంటున్నప్పుడు, అదే చెక్ అంటారుగా, పావుగంట కుదురుగా నిలబడుతుందా? కుక్క కాళ్ళ మధ్యకొస్తే తన్నుతుందా? ముందు గుర్రాలు పరిగెడితే కళ్ళెం లాగేస్తుందా? ఫస్ట్ ఫ్లైట్‌లో, అంటే ముందు వెళ్ళే గుంపులో, కంచెలు దూకిందా, గేట్లలోంచి వెళ్ళే వెనక గుంపులో తిరిగిందా? ఇవి రాయండి. మా గుర్రం ఊరికే నిలబడి ఉన్న రెండు నిమిషాల వీడియో పెట్టాక అసలైన ఫోన్లు మొదలయ్యాయి. చూడ్డానికి మహా బోరు వీడియో అది!

లోపాలు దాచకండి. మాది ట్రైలర్ (గుర్రాల్ని తీసుకెళ్ళే బండి) ఎక్కడానికి మొండికేసేది. మొదట వచ్చినావిడకి చెప్పలేదు. తెల్లవారుజామున నలభై నిమిషాలు కుస్తీ పట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ట్రయల్‌కి వాళ్ళింటికి పంపే బదులు మీ హంట్‌కే (మీరు వెళ్ళే వేట క్లబ్బుకి) రమ్మనండి. మాస్టర్‌ని, అంటే వేట నడిపే పెద్దని, ముందే అడగాలి, అతిథి రుసుము వాళ్ళే కట్టుకుంటారు. పంపక తప్పకపోతే దెబ్బ తగిలితే ఖర్చెవరిదో కాగితం మీద ఉండాలి, ఇన్సూరెన్స్ కూడా. వేరే రాష్ట్రానికైతే కాగిన్స్ పరీక్ష (గుర్రాలకొచ్చే ఒక అంటువ్యాధికి చేసే రక్తపరీక్ష) రిపోర్టు కావాలి.

వెటర్నరీ డాక్టర్ని కొనేవాళ్ళే తెచ్చుకుంటారు. కాలు మడిచి కాసేపు పట్టుకుని, వదిలిన వెంటనే ట్రాట్ (చిన్న పరుగు) చేయించి కుంటుతుందేమో చూస్తారు. మా తాతయ్య ఎద్దుని కొనేముందు సుడులు, పళ్ళు చూసేవాడు. మా గుర్రాన్ని అలా చూస్తుంటే, ఆ ఎద్దుని అమ్మేవాళ్ళ టెన్షన్ ఏమిటో నాకప్పుడర్థమైంది. పాత ఎక్స్‌రేలుంటే ముందే ఇచ్చేయండి.

సీజన్ మొదలవకముందే, ఆగస్టులోనే బేరం పెట్టండి. మార్చిలో సీజన్ అయిపోయాక ఎవరూ తొందరపడరు, వేసవంతా మేత ఖర్చు మీదే. అమ్మకం కాగితంలో "మళ్ళీ అమ్మితే ముందు మాకే చెప్పాలి" అని ఒక్క ముక్క రాయించండి. వేలానికి పోతే ఎవరి చేతిలో పడుతుందో తెలీదు.