రాని డబ్బును నమ్మి ఇంటి మీద అప్పు చేయకండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. నాది హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, మంచి స్విమ్మర్. ఒక యూనివర్సిటీ ఏడాదికి 30,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తోంది. మొత్తం ఖర్చు 52,000. స్పాన్సర్ల ద్వారా ఏడాదికి ఇంకో 15,000 వస్తుందని కోచ్ అన్నారు. వచ్చే వారం ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలో పాత అప్పు పోను మిగిలే మా వాటా) మీద 90,000 అప్పు తీసుకుని, ఆ స్పాన్సర్ డబ్బుతో వాయిదాలు కట్టాలని మా ఆలోచన. సేవింగ్స్ 11,000 ఉన్నాయి. అసలు కాలేజీ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ పైన డబ్బు ఇవ్వడం సరైనదేనా? ఇది కొనసాగుతుందా?

జవాబు: ఇవ్వాల్సిందే. పిల్లల ఆట మీద టీవీ హక్కులు అమ్ముకుని, వాళ్లకు మాత్రం ఫీజు మాఫీతో సరిపెట్టడం అన్యాయం. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. చదువుకు సంబంధించి ఆటగాళ్లకు ఇచ్చే ప్రయోజనాల మీద అది పెట్టిన పరిమితులు చెల్లవని 2021లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో తీర్పిచ్చింది. ఆ జులై నుంచే ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో సంపాదించుకోగలుగుతున్నారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీ తర్వాత, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

అందులో ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కి, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పోతుంది. స్విమ్మింగ్ దాకా వచ్చేసరికి మిగిలేది కొంచెమే. మీ అమ్మాయికి చెప్పిన 15,000 కోచ్ నోటిమాట. భుజం నొప్పితో ఒక సీజన్ పోయినా, కోచ్ మారినా, స్పాన్సర్ వెనక్కి తగ్గినా ఆ మాట ఉండదు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. ఈ పొరపాటు నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను, అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

డబ్బు వచ్చినా మొత్తం చేతికి రాదు. స్పాన్సర్ డబ్బు స్వయం ఉపాధి ఆదాయం కిందికి వస్తుంది, ముందుగా ట్యాక్స్ పట్టుకునేవాళ్లు ఉండరు. 15,000 మీద ఒక్క స్వయం ఉపాధి పన్నే దాదాపు 2,100 డాలర్లు.

ఇక నాకు నిజంగా భయం వేసిన సంగతి ఆ 11,000. మార్ట్‌గేజ్, కార్లు, కిరాణా కలిపితే డాలస్‌లో అది ఎన్ని నెలలు వస్తుందో మీరే లెక్కేసుకోండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ దొరకాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా దేశం వదలాలి. అలాంటి రోజు ఇంటి మీద రెండో అప్పు కూడా ఉంటే, వచ్చిన ధరకు ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది. దానికి తోడు ఈ ఈక్విటీ లోన్లలో కొన్నింటికి వడ్డీ మారుతూ ఉంటుంది. సిటిజన్‌కి ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ చాలునేమో, మీకు కనీసం తొమ్మిది నెలల ఖర్చు విడిగా ఉండాలి. కాలేజీ సంగతి దాని తర్వాతే.

రాబోయే సంపాదన చూపించి అప్పు చేస్తే ఏమవుతుందో ఫుట్‌బాల్ ఆటగాడు జెర్వాన్ డెక్స్‌టర్ కేసు చూడండి. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఉండగా 2022లో ఒక కంపెనీ దగ్గర సుమారు 4.36 లక్షల డాలర్లు తీసుకుని, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) సంపాదనలో 15 శాతం 25 ఏళ్లపాటు ఇస్తానని సంతకం పెట్టాడు. మరుసటి ఏడాదే ఆ ఒప్పందం చెల్లదని కోర్టుకెక్కాడు. ఇరవై ఏళ్ల కుర్రాడి చేత పాతికేళ్లకు సంతకం పెట్టించారు! మీ అమ్మాయి దగ్గరికి ఇలాంటి కాగితం ఎవరు తెచ్చినా బయటికి పంపేయండి.

మిగతా 22,000 సంగతి: యూనివర్సిటీ నెలవారీ వాయిదాలు ఇస్తుందేమో అడగండి. అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500 వరకు దొరుకుతుంది. అయినా సరిపోకపోతే తక్కువ ఖర్చయ్యే టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ చూడండి.

ఇండియాలో పుట్టి హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. హెచ్‌4 పిల్లలకు పని చేసే అనుమతి లేదు, కాబట్టి ఇలాంటి స్పాన్సర్ ఒప్పందం దేనికైనా ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

కోచ్‌ని ఆ 15,000 ఎవరిస్తారో, ఎన్నేళ్లో, గాయమైతే ఏమిటో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసిచ్చినా సరే, వచ్చే వారం బ్యాంకు అపాయింట్‌మెంట్ ఈ రోజే క్యాన్సిల్ చేయండి.