ఆయిల్ నల్లబడిందని ఇంజిన్ విప్పాలా?

ప్రశ్న: మాది టెక్కలి. నా డీజిల్ కారు 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ మార్చిన వారానికే నల్లబడుతోంది, ఇంజిన్ విప్పాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. ఆయిల్ టెస్ట్ చేయిస్తే సంగతి తెలుస్తుందా అండి?

జవాబు: ముందు టెన్షన్ పడకండి. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లబడేది మసి వల్ల, ఆ మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే, కాబట్టి రంగు చూసి ఇంజిన్ విప్పించకండి. టెస్ట్ మాత్రం తప్పకుండా చేయించండి, అంటే వాడిన ఆయిల్ కొంచెం ల్యాబ్‌కి పంపి అందులో ఏ మూలకాలు ఎంతున్నాయో చూపించడం. రిపోర్టులో నేను మొదట చూసేది దుమ్ములో ఉండే సిలికాన్. మీ వైపు గ్రానైట్ లారీలు లేపే దుమ్ము ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచి దూరితే సిలికాన్‌తో పాటు, ఇంజిన్ భాగాలు అరిగి ఇనుము, అల్యూమినియం కూడా పెరుగుతాయి, అప్పుడు బాగుచేయాల్సింది ఫిల్టరో దాని పైపు క్లిప్పో, ఇంజిన్ కాదు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్లో కలుస్తోందేమో వెంటనే చూపించండి.

శాంపిల్ తీసేటప్పుడు జాగ్రత్త. బండి నడిపి వచ్చాక, ఆయిల్ వేడిగా ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పి, మొదటి ధార వదిలేసి, ఆ తర్వాతది శుభ్రమైన పొడి సీసాలో పట్టాలి. చేతులు కాలతాయి, గ్లవ్స్ వేసుకోమనండి. ఒక్క రిపోర్టుతో తేల్చేయకండి, వచ్చేసారి ఆయిల్ మార్చినప్పుడూ పంపి అంకెలు పోల్చండి. పెద్ద లోహపు రజను మామూలు టెస్టుకి అందదు, అందుకే పాత ఆయిల్ ఫిల్టర్ కోయించి, కాగితం మడతల్లో మెరుపులేమైనా ఉన్నాయేమో ఎండలో పెట్టి చూడండి.