చూసింది వేరు, విన్నది వేరు

చి. సౌ. చిట్టికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

కాసా (హింసకో నిర్లక్ష్యానికో గురై కోర్టు కేసుల్లో ఉన్న పిల్లల తరఫున జడ్జికి చెప్పే వాలంటీర్ల వ్యవస్థ) శిక్షణ పూర్తయిందనీ, వచ్చే వారం జడ్జి గారి ఎదుట ప్రమాణం చేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషపడ్డానో! ముప్పై గంటల క్లాసుల్లో చట్టం, ఫారాలు, నిబంధనలు చెప్పే ఉంటారు. అవి మళ్లీ చెప్పను. నేను డాలస్‌లో, నువ్వు హ్యూస్టన్‌లో ఉన్నా టెక్సస్ చట్టం ఇద్దరికీ ఒకటే కాబట్టి, ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

1977లో సియాటిల్‌లో డేవిడ్ సౌకప్ అనే జడ్జి ఉండేవారు. పిల్లల కేసుల్లో తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, ఆ పిల్లవాడి గురించి తనకు తెలిసింది చాలడం లేదని ఆయనకు బాధగా ఉండేది. వెళ్లి, కళ్లారా చూసి, వచ్చి చెప్పే మామూలు మనుషులు కావాలని వాలంటీర్లను పిలిచారు. కాసా అలా మొదలైంది. వాదించడానికి లాయర్లున్నారు, మనసు విప్పించడానికి థెరపిస్టులున్నారు. నువ్వు చూసి వచ్చిన సంగతి జడ్జికి కావాలి, అంతే. అందుకే అన్నిటికన్నా ముందు రిపోర్టు గురించి చెబుతాను.

‘ఇల్లు శుభ్రంగా లేదు’ అని ఎప్పుడూ రాయకు. ఎవరి లెక్కలో శుభ్రంగా లేదని తల్లి తరఫు లాయరు అడిగితే నీ దగ్గర జవాబుండదు. ఫలానా తేదీ సాయంత్రం వెళ్లాను, సింకు నిండా గిన్నెలున్నాయి, ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు, వండిన అన్నం ఉన్నాయి, పిల్లకు వేరే మంచం ఉంది, ఆ గది కిటికీకి గొళ్లెం పడటం లేదు అని రాయి. అప్పుడు జడ్జి గారికి ఇల్లు కళ్లకు కడుతుంది. ఆ గొళ్లెం బాగు చేయించాలని జడ్జి గారు అక్కడికక్కడే చెప్పగలుగుతారు. టీచరు చెప్పింది టీచరు చెప్పినట్టుగా, ఫోస్టర్ తల్లి, అంటే పిల్లను తాత్కాలికంగా తన ఇంట్లో పెంచుతున్నావిడ, చెప్పింది ఆవిడ చెప్పినట్టుగా, నువ్వు చూసింది నువ్వు చూసినట్టుగా రాయి. ఈ మూడూ కలిసిపోకూడదు. రేపు నిన్నే సాక్షిగా బోనెక్కిస్తే నిలబడేది నువ్వు చూసిందే. ఏ రోజు నోట్సు ఆ రోజే, ఇంటికి బయల్దేరే ముందు కార్లో కూర్చునే రాసుకో.

పిల్లవాడు కోరుకునేదీ, వాడికి మంచిదని నీకు అనిపించేదీ ఒకటి కాకపోవచ్చు. వాడి కోరిక వినిపించడానికి అటార్నీ ఎడ్ లైటెమ్, అంటే కోర్టు వాడికి నియమించిన లాయరు, ఉంటారు. నువ్వు చెప్పాల్సింది వాడి మేలు. అయినా సరే, వాడి కోరికను వాడి మాటల్లోనే రిపోర్టులో పెట్టు.

మొదటిసారి వెళ్లినప్పుడు ప్రశ్నలొద్దు. అప్పటికే సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ) వాళ్లు, పోలీసులు, డాక్టర్లు అడిగి అడిగి ఆ పిల్ల విసిగిపోయి ఉంటుంది. ఊనో కార్డులు పట్టుకెళ్లి కింద చతికిలబడి ఆడు. ఆడుతూనే గమనించు. బూట్లు కాలికి సరిపోతున్నాయా? కళ్లజోడు హడావిడిలో పాత ఇంట్లోనే ఉండిపోయిందా? మందులు మారాయా, మారితే ఎవరు రాశారు? ఇలాంటివి ఎవరి ఫైల్లోనూ ఉండవు. ‘అమ్మ దగ్గరికి ఎప్పుడు పంపిస్తారు’ అని తప్పకుండా అడుగుతుంది. ‘అది జడ్జి గారు చెప్పాలమ్మా, నువ్వు అడిగావని ఆవిడకు చెబుతాను’ అను, చెప్పు. తేదీ మాత్రం చెప్పొద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని కూడా ఎప్పుడూ మాటివ్వకు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానమొస్తే తెలియజేసి తీరాలని టెక్సస్‌లో ప్రతి ఒక్కరికీ చట్టమే చెబుతోంది.

ఇక తల్లిదండ్రుల సంగతి. మనవాళ్లకు కష్టమంతా ఇక్కడే. మత్తుకు అలవాటు పడ్డ తల్లిని చూడగానే ‘ఈవిడా ఒక తల్లేనా’ అని నోటిదాకా వస్తుంది. ఆ మాట మనసులోకి కూడా రానీయకు. పిల్లలు క్షేమంగా సొంతింటికి చేరడమే ఎక్కువ కేసుల్లో మొదటి లక్ష్యం. తల్లికి సర్వీస్ ప్లాన్ ఇస్తారు: క్లాసులు, కౌన్సెలింగ్, డ్రగ్ పరీక్షలు, ఉద్యోగం, ఇల్లు. ‘ప్లాన్ పూర్తి చేయలేదు’ అని కోర్టులో చదివేస్తారు. ఎందుకు చేయలేదో నువ్వు వెళ్లి చూడు. క్లాసు ఎక్కడ పెట్టారు? అక్కడికి బస్సుందా? ఆవిడ షిఫ్టు ఎన్నింటికి దిగుతుంది? ఈ ఊళ్లలో కారు లేనివాళ్ల అవస్థ నీకు తెలియంది కాదు.

పైగా గడువు తరుముతూ ఉంటుంది. టెక్సస్‌లో పిల్లను రాష్ట్రం సంరక్షణలోకి తీసుకున్నాక దాదాపు ఏడాదిలోపు తుది విచారణ మొదలవ్వాలి. ప్రత్యేక కారణాలుంటే ఇంకో 180 రోజులు ఇవ్వొచ్చు. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం గత 22 నెలల్లో 15 నెలలు పిల్ల ఫోస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రం పిటిషన్ వేయాలి. అలాంటప్పుడు క్లాసుకే మూడు నెలల వెయిటింగ్ లిస్టు ఉంటే ఆ తల్లి ఏం చేస్తుంది? ఆ సంగతి మొదటి రిపోర్టులోనే రాయి. గడువు దగ్గరపడ్డాక రాసి లాభం లేదు.

బంధువుల గురించి మాత్రం మొహమాటపడకుండా అడుగు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఆరా తీయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య, ఇక్కడ బాగా పనికొస్తుంది. పిల్లను తీసుకొచ్చిన 30 రోజుల్లోపు బంధువులకు తెలియజేయాలని 2008 చట్టం ఉంది. అయినా తండ్రి వైపు వాళ్లు చాలాసార్లు లెక్కలోకే రారు. మేనత్త ఉందా, నాయనమ్మ ఏ ఊళ్లో ఉంటుంది, పుట్టినరోజుకు ఎవరు ఫోన్ చేసేవాళ్లు అని పిల్లనే అడుగు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వేర్వేరు ఇళ్లలో పెట్టి ఉంటే, వాళ్లు ఒకరినొకరు ఎప్పుడు కలుస్తున్నారో ప్రతి హియరింగ్‌లోనూ అడుగు.

నీది జాలిగుండె, నాకు తెలుసు. దీపావళికి ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది, ఫోస్టర్ తల్లి చేతిలో నాలుగు డాలర్లు పెట్టాలనిపిస్తుంది. రెండూ కూడదు. గుళ్లో, తెలుగు సంఘం భోజనాల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో కేసు మాట ఎత్తకు. మీ ఆయనకు కూడా పేర్లు చెప్పొద్దు.

ఏడాదిలో కేస్‌వర్కర్లు మారతారు, ఇళ్లు మారతాయి, బడి మారుతుంది. మారినప్పుడల్లా కొత్తవాళ్లు ఫైలు మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. నీ నోట్సు తేదీల వరుసలో ఉంటే వాళ్లకు అదే ఆధారం. అందుకే మొదట ఒక్క కేసే తీసుకో, దాన్ని చివరిదాకా వదలకు.

ఏ సందేహం వచ్చినా మీ సూపర్‌వైజరుకు ఫోన్ చెయ్యి, నాకు కాదు. కేసు వివరాలు నేను వినకూడదు. రిపోర్టు ఎలా రాయాలన్నది మాత్రమైతే ఎప్పుడైనా అడుగు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

మీ ఆయనకు, పిల్లలకు నా దీవెనలు.

మీ పెద్దమ్మ