నీళ్లు తాగిన పాత టేకు తలుపులు, దూలాలు: మా ఇంటి అనుభవం

హైదరాబాదు శాలిబండలోని మీ తాతగారి ఇంట్లో పైకప్పు కారి టేకు ద్వారబంధాలు, దూలాలు నల్లబడ్డాయని, వడ్రంగి అన్నీ పీకేసి కొత్తవి బిగిద్దామంటున్నాడని, వాటిని నిలుపుకొనే దారి ఉందా అని అడిగారు. చాలావరకు ఉంది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలోని మా ఇంట్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి; అప్పుడు తెలిసివచ్చిన సంగతులే రాస్తున్నాను.

దీపావళి ముంచుకొస్తోందని, పైకి ఆరినట్టు కనిపించిన తలుపులకు నెల తిరక్కుండానే ఎనామిల్ రంగు వేయించడం నేను చేసిన పెద్ద తప్పు. సంక్రాంతి నాటికి రంగు పొక్కులు లేచింది, ద్వారబంధం అడుగున కొయ్య వేలితో నొక్కితేనే నలిగింది. కొయ్యలో తేమ 20 శాతానికి మించి నిలిచిపోతే శిలీంధ్రం పెరిగి దాన్ని తినేస్తుంది; రంగు వేసి మూసేస్తే ఆ తేమకు బయటపడే దారే ఉండదు.

అసలు దోషం గోడలోనూ ఉంది. డంగు సున్నపు (గానుగలో నూరిన సున్నంతో కట్టిన) గోడ పీల్చిన చెమ్మను మెల్లగా గాలికి వదిలేస్తుంది. మా గోడకు ఎవరో ఎప్పుడో సిమెంటు పూత పూయించడంతో ఆ చెమ్మ ద్వారబంధంలోకి దిగింది. పూత కొట్టించి మళ్లీ సున్నమే వేయించాక గాని అది ఆరలేదు. కాబట్టి మీరు కూడా ముందు కప్పు కారకుండా చేయించి, గోడ సంగతి చూసి, ఆ తర్వాతే కొయ్య జోలికి వెళ్లండి.

తలుపు రెక్కలను విప్పి, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చాం. ఎండలో పెడితే త్వరగా ఆరి నెర్రెలిస్తాయి. తేమ మీటరు 12 శాతం చూపించడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు సన్నటి స్క్రూడ్రైవరుతో అంగుళం అంగుళం పొడిచి చూస్తే, మెత్తబడింది అడుగున జానెడు మేర మాత్రమేనని తేలింది. అంతవరకే కోసి, పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మేచోట కొన్న టేకు ముక్కను, రేఖలు కలిసేలా చూసి ఏటవాలుగా అతికించారు. కొత్త టేకు చవక కాదు, అంత గట్టిగానూ ఉండదని మా వడ్రంగి మాట.

ఇనుప మేకుల చుట్టూ పడే నల్లటి మరకలు కుళ్లు కావు, ఆక్సాలిక్ ఆమ్లంతో పోతాయి. అయితే అది విషం, చేతితొడుగులు తప్పనిసరి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. పాత రంగును పొడిగా రుద్దించవద్దు. ఇంటి రంగుల్లో విషలోహమైన సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే కనుక, అంతకు ముందువాటిలో సీసం ఉందనే అనుకుని తడిపి గీకించండి. చివరికి మేము ఎనామిల్ మానేసి మరిగించిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) పలుచగా మూడు పూతలు వేశాం. (ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి ఆరేయండి.)

దూలాల విషయంలో మాత్రం ఇంత ధీమాగా చెప్పలేను. గోడలోకి దూరిన కొనలే ముందు కుళ్లుతాయి, అవి బయటికి కనబడవు; బరువు మోసేవి గనుక కింద ఆసరా పెట్టించి, పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరుకు చూపించేదాకా వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.